1971 మిసైల్ బోట్లు: అపోహలు - వాస్తవాలు

ఎనభైల్లో నేను నేవీ మిసైల్ బోట్ ఇంజిన్ రూమ్‌లో పనిచేశాను. ఏటా డిసెంబర్ 4న నేవీ డే చూడ్డానికి వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్తాను. అక్కడ జనం 1971 పాకిస్తాన్ యుద్ధంలో కరాచీ మీద దాడి చేసిన మన నేవీ మిసైల్ బోట్ల గురించి చెప్పుకునే మాటలు విని ఉండబట్టలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ఘాజీని ముంచింది ఈ బోట్లే.

వాస్తవం: కాదు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన వైజాగ్ దగ్గర. మిసైల్ బోట్లు కరాచీ మీదికి వెళ్లింది అటు అరేబియా సముద్రంలో.

అపోహ: బొంబాయి నుంచి ఒక్క ఉరుకులో కరాచీ చేరాయి.

వాస్తవం: స్పీడుకేం, గంటకు 65 కిలోమీటర్ల పైనే. కానీ ట్యాంకులో పట్టే ఆయిల్‌తో ఎక్కువ దూరం పోలేవు. సోవియట్ యూనియన్ నుంచి వాటిని తెచ్చింది అసలు రేవుల కాపలాకి. అందుకే మిసైల్ బోట్లు నిపాత్, నిర్ఘాత్, వీర్‌లకు తోడుగా కిల్తాన్, కచ్చల్ నౌకలు, ఆయిల్ నింపడానికి పోషక్ వెళ్లాయి. డిసెంబర్ 4 పగలంతా పాకిస్తాన్ విమానాల కంటపడనంత దూరంలో ఆగి, చీకటి పడ్డాకే కదిలాయి. రేకు లాంటి ఒళ్లున్న బోటుకి చీకటే రక్ష.

అపోహ: మిసైల్ బటన్ నొక్కితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఈ మాటకి నాకు నిజంగా బాధేస్తుంది. కింద మూడు డీజిల్ ఇంజిన్లు, ఒక్కోదానికి 42 సిలిండర్లు. ఆ హోరులో నోటిమాట వినపడదు, అంతా చేతిసైగలే. ఓసారి రాత్రి ఎక్సర్‌సైజులో (యుద్ధ సాధనలో) మధ్య ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. చీఫ్ భుజం తట్టి చూపించాను. ఆయన పైపు మీద చెయ్యి పెట్టి చూసి, రెండు వేళ్లు ఎత్తారు. ఆ ఇంజిన్ ఆపేసి మిగతా రెండింటి మీద వచ్చాం. మాది ఎక్సర్‌సైజు కాబట్టి సరిపోయింది. అదే కరాచీ ముందైతే? వ్లాదివోస్తోక్‌లో రష్యన్ నేర్చుకుని మరీ ఈ ఇంజిన్ల మీద పట్టు సాధించిన ఆ కుర్రాళ్లు ఆ రాత్రి ఎంత టెన్షన్ పడి ఉంటారో!

అపోహ: పాకిస్తాన్ వాళ్లకి కొట్టింది ఎవరో వెంటనే తెలిసింది.

వాస్తవం: నిర్ఘాత్ వదిలిన మొదటి మిసైల్ తగిలినప్పుడు ఖైబర్ యుద్ధనౌక వాళ్లు విమానదాడి అనుకున్నారు. రెండోది తగిలాక ఖైబర్ మునిగిపోయింది.

ఇంకొకటి. కరాచీ మీద దాడి ఒక్కసారే జరగలేదు. డిసెంబర్ 8 రాత్రి తల్వార్, త్రిశూల్‌ యుద్ధనౌకలు తోడుగా వినాశ్ అనే మిసైల్ బోటు ఒక్కటే వెళ్లి, ఉన్న నాలుగు మిసైళ్లూ వదిలి తిరిగొచ్చింది.