పడుకున్న నర్స్ షార్క్‌ను ముట్టుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప నుంచి బెంగళూరు మీదుగా మాల్దీవులకు పోయే జంటలు మళ్ళీ మళ్ళీ అడిగే మాట: "నర్స్ షార్క్ ఏమీ చేయదంట కదా, పక్కన చెయ్యేసి ఫొటో దిగొచ్చా?" వద్దు.

అపోహ: అది సాధువు, తాకినా ఊరుకుంటుంది.

వాస్తవం: తనంతట తాను మనిషి జోలికి రావడం అరుదు, నిజమే. కానీ దాని కాట్లలో ఎక్కువభాగం మనం తాకినప్పుడు, తోక లాగినప్పుడు, చేత్తో మేత పెట్టినప్పుడు పడినవే. మాల్దీవుల్లో ఉండే రకం, టానీ నర్స్ షార్క్, 3 మీటర్ల దాకా పెరుగుతుంది. పగలు పగడపు దిబ్బల గుహల్లో ఒకదానిమీద ఒకటి పడుకుని, రాత్రి వేటాడుతుంది. నోరు చిన్నది, గొంతు పెద్దది. గొంతు ఒక్కసారిగా విప్పి, బోరు మోటారు నీళ్ళు లాగినట్టు, రాతి సందులోని ఆక్టోపస్‌ను లాగేస్తుంది. వేలు అందినా అంతే. పట్టాక ఓ పట్టాన వదలదు, అసలు ప్రమాదం అదే.

కరిస్తే చెయ్యి గుంజొద్దు. చిన్న పళ్ళు వరుసల్లో ఉంటాయి, గుంజితే కండ చీరుకుపోతుంది. కదలకుండా ఉండి, అది వదిలే వీలివ్వండి. సిలిండర్‌తో నీటి అడుగుకు దిగే డైవ్‌లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లోంచి తీయకుండా ఊపిరి ఆడిస్తూనే ఉండాలి. ఊపిరి బిగబట్టి పైకి దూసుకొస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి, అది కాటు కన్నా ప్రాణాంతకం. పైకొచ్చాక శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, రక్తం ఆగాక సబ్బునీళ్ళతో కడిగి, గాయం చిన్నదైనా ఆస్పత్రికి వెళ్ళండి. సముద్రంలో అయిన గాయమని డాక్టరుకు తప్పక చెప్పండి, యాంటిబయాటిక్ ఎంపిక దాన్నిబట్టి మారుతుంది. టీటీ సంగతీ అడగండి.

చూడాలంటే కనీసం 3 మీటర్ల ఎడం ఉంచి, గుహ వాకిలికి అడ్డం రాకుండా పక్కన ఉండండి. బెదిరితే అది బయటికొచ్చే దారి అదొక్కటే. మన బావుల్లో ఈత నేర్చినవాళ్ళకు చేతులు బాదే అలవాటు ఉంటుంది. ఇక్కడ చేతులు కట్టుకుని, కాళ్ళకు తొడుక్కునే ఫిన్స్‌తోనే కదలాలి.

మాల్దీవుల్లోని వావు అటాల్ (పగడపు దీవుల వలయం)లో ఆలిమతా దీవి దగ్గర రాత్రిపూట ఇవి డైవర్ల మధ్యే తిరుగుతాయి. అది మచ్చిక కాదు, మేతకు పడిన అలవాటు. వాసనతో, మీసాలతో వెతికే జీవికి చేప వాసన అంటిన చెయ్యీ చేపముక్కే.

మిగతావి చిన్నవి. కదలకపోతే షార్క్ చచ్చిపోతుందన్నది దీనికి వర్తించదు, పడుకునే నోటితో నీళ్ళు పంపు చేసుకుని శ్వాసిస్తుంది. వీడియోల్లో కోరపళ్ళతో కనిపించే గ్రే నర్స్ షార్క్ వేరే కుటుంబం.

నెలసరి వస్తే షార్క్ వెంటపడుతుందన్న భయంతో, ఎవరినీ అడగలేక, నీళ్ళలోకి దిగడమే మానుకునే అమ్మాయిలున్నారు. దానివల్ల దాడి ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదమ్మా. నొప్పి, నీరసం లేకపోతే నిశ్చింతగా దిగండి.