నొప్పి గోళీకి మోకాలు ఎక్కడుందో తెలియదు

హనుమకొండలో ఫార్మసిస్టుగా మందుల షాపులో రోజూ వినే మాటలివి.

అపోహ: "గోళీ మింగితే కడుపులో మంట. సూది వేయించుకుంటే ఆ బాధ ఉండదు."

వాస్తవం: నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను మింగినా, సూదిగా తీసుకున్నా కలిసేది రక్తంలోనే. ఒళ్లంతా తిరుగుతూ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని తగ్గిస్తుంది. మోకాలిలో నొప్పినీ వాపునూ పెంచేవి అవే. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ అవే. ఒకచోట ఆపి మరోచోట వదిలేయడం ఆ మందుకు చేతకాదు. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గవచ్చు గానీ పుండు పడే ముప్పు పోదు. ఎనుమాముల మార్కెట్‌లో మండుటెండలో మిర్చి బస్తాలు మోస్తూ, నీళ్లు కూడా సరిగా తాగకుండా ఈ గోళీలు వేసుకునే హమాలీల విషయంలో నాకు కడుపు కన్నా కిడ్నీల గురించే భయం. బీపీ, షుగర్ ఉంటే మరీను.

అపోహ: పారాసిటమాల్ ఎన్ని వేసుకున్నా ఏమీ కాదు.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్దవారైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. దాటితే దెబ్బతినేది లివర్. చాలా జలుబు మాత్రల్లోనూ ఇదే ఉంటుంది, లెక్కలో కలపండి.

అపోహ: "నడుం నొప్పికి వెళ్తే పిచ్చి మందు రాశారు!"

వాస్తవం: అమిట్రిప్టిలిన్ చీటీ చూసి డాక్టరును తిట్టుకునేవారు తరచూ కనిపిస్తారు. అది డిప్రెషన్ మందే, కాదనను. కానీ తక్కువ మోతాదులో నరాల నొప్పికీ పనిచేస్తుంది. మగత వస్తుంది కనుకే రాత్రి వేసుకోమంటారు. నోరు ఎండుతుంది, మలబద్ధకం రావచ్చు.

అపోహ: ఆందోళన తగ్గించే మందులన్నీ మత్తు మందులే.

వాస్తవం: అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. ఎస్సిటాలోప్రామ్ గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇది పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద, అది ఎక్కువగా ఉండేది పేగుల్లోనే కాబట్టి మొదట్లో వికారం ముందొస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు, అదే నా బాధ. దీనికి మత్తు యావ పుట్టదు, అయినా ఒక్కసారిగా ఆపకూడదు.

ఆల్ప్రజోలం దారి వేరు. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచి, గంటలోపే గుణం చూపిస్తుంది. కొన్ని వారాలు వరసగా వాడితే మెదడు దానికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా మానితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. మన జిల్లాల్లో ఇది కొత్త సంగతి కాదు: కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదీ ఒకటి. కల్లు దొరకని రోజుల్లో కొందరు వింతగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరేది అందుకే. కల్లు, మద్యంతో కలిపి ఈ గోళీ వేసుకుంటే ఊపిరే మందగించవచ్చు. మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. చీటీ లేకుండా అడిగితే మాత్రం, ఎంత తెలిసినవారైనా, నేనివ్వను.