పైన పటారం, లోన లొటారం: పాత కార్వెట్ల గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికాలో పాత కార్వెట్లను, అంటే షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కార్లను, పునరుద్ధరించే షెడ్డులో పని చేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి 1963–67 నాటి స్టింగ్ రే అనే కార్వెట్లు. వాటిని చూడగానే మనసు పడేవారు చాలామంది. ఆ మోజులో వారు నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఫైబర్‌గ్లాస్ బాడీ కాబట్టి తుప్పు భయం లేదు.

ఎక్కువమందిని ముంచేది ఇదే. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, నిజమే. కానీ దాని కింద, ముందు అద్దం చుట్టూ, తలుపుల దగ్గర ఉక్కు చట్రం ఉంటుంది. దాన్ని బర్డ్‌కేజ్ అంటాం, అంటే పిట్ట పంజరం. అద్దం అంచుల నుంచి దిగిన నీరు ఆ చట్రాన్ని ఏళ్ల తరబడి తింటుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే కొనేముందు నేను రంగు జోలికి పోను. తలుపు తెరిచి, మూసి, అది కుంగిందేమో చూస్తాను. ఆ తరువాత కారు కిందికి దూరి, వెనక చక్రాల ముందు ఫ్రేము పైకి వంగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాను. అమ్మేవారి ముఖం రంగు మారేది అక్కడే.

అపోహ: ఎంత మెరిస్తే అంత గొప్ప పునరుద్ధరణ.

సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో వీటికి వేసింది అక్రిలిక్ లాకర్ రంగు. ఇప్పటి రంగుల అద్దం మెరుపు దానికి లేదు. 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ పరీక్షలో కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉండాలి. అతిగా మెరుగులు దిద్దితే మార్కులు పోతాయి. ఆనాటి కార్మికుడి తొందరను కూడా మేము ఓపికగా తిరిగి తేవాలి. ఈ పనిలో నాకు బాగా నచ్చేది అదే.

అపోహ: ఇంజిన్ మీది నంబరు సరిపోతే అది అసలు ఇంజినే.

ఆ నంబరును అరగదీసి మళ్లీ గుద్దేవారున్నారు. అంకెలకన్నా వాటి కింది లోహాన్ని చూడాలి. ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు అక్కడ కనిపించకపోతే అనుమానించాలి.

అపోహ: బయటికి తీయకుండా దాచితేనే కారు పదిలం.

1965 నుంచి వచ్చిన డిస్క్ బ్రేకులను అడగండి. కదలని కారులో బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, కాలిపర్ల (చక్రం దగ్గర బ్రేకును బిగించే భాగాల) లోపలి గోడలు తుప్పు పడతాయి, ఆయిల్ కారుతుంది. అందుకే కాలిపర్ల లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు బిగిస్తాం.

అపోహ: రెండుగా చీలిన వెనక అద్దం మొదటినుంచీ అందరికీ ముద్దే.

1963 కూపేకు (పైకప్పు స్థిరంగా ఉండే రకానికి) మాత్రమే ఉన్న ఆ అద్దం డిజైన్ అధిపతి బిల్ మిచెల్ పట్టుదల ఫలం. వెనక ఏమీ కనపడదని ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్ వ్యతిరేకించాడు. 1964కల్లా తీసేశారు. పాత కార్ల మధ్య పట్టీని కోయించి ఒకే అద్దం పెట్టించుకున్నవారూ ఉన్నారు. ఇప్పుడు ఆ పట్టీ ఉన్న కారుకే ధర.

అపోహ: ఎంత పాడైనా బాగుచేయవచ్చు.

2014 ఫిబ్రవరిలో కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ మ్యూజియం నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయి. మూడింటిని పునరుద్ధరించారు. వాటిలో ఒకటి పది లక్షలవ కార్వెట్. దాన్ని విప్పితే విడిభాగాల మీద ఫ్యాక్టరీ కార్మికుల సంతకాలు కనిపించాయి, వాటిని కాపాడారు. మిగిలిన ఐదింటిని నుజ్జయినవి నుజ్జయినట్టే ఉంచేశారు.