డెట్రాయిట్ ఎయిట్ మైల్ గోడ: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో జాతివివక్ష అనగానే మనకు దక్షిణాది రాష్ట్రాలే గుర్తొస్తాయి. కానీ నల్లజాతి వాడకు ఆనుకుని 1941లో కట్టిన కాంక్రీటు గోడ ఒకటి ఉత్తరాదిలో, మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్‌లో నేటికీ ఉంది. దాని గురించి తప్పుగా ప్రచారంలో ఉన్న మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: గోడ ఎయిట్ మైల్ రోడ్డు పొడవునా ఉంటుంది. నగరాన్ని శివార్ల నుంచి వేరు చేస్తుంది.

వాస్తవం: నగరానికి ఉత్తరపు సరిహద్దు ఆ రోడ్డే కాబట్టి ఈ పొరపాటు. రోడ్డు తూర్పు పడమరలుగా సాగుతుంది. గోడ దానికి దక్షిణాన మొదలై పెంబ్రోక్ అవెన్యూ వైపు దక్షిణంగా సాగుతుంది, బర్‌వుడ్, మెండోటా వీధుల ఇళ్ల పెరళ్ల మధ్యగా. అటూ ఇటూ డెట్రాయిటే. పొడవు సుమారు అర మైలు, ఎత్తు ఆరడుగులు, మందం అడుగు.

అపోహ: దాన్ని ప్రభుత్వం కట్టించింది.

వాస్తవం: కట్టింది ఒక ప్రైవేటు బిల్డర్. అయితే ఇంతటితో వదిలేస్తే అసలు దోషి తప్పించుకున్నట్టే. 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ తాను అప్పు ఇవ్వదు, కొన్నవాడు తీర్చలేకపోతే బ్యాంకు నష్టపోకుండా, అది ఇచ్చే ఇంటి అప్పుకు బీమా ఇస్తుంది. ఆ బీమా ఉంటే కొనేవాడు తక్కువ మొత్తం ముందు కట్టి, మిగతాది ఇరవై ఏళ్లకు పైగా వాయిదాల్లో తీర్చుకోవచ్చు. బీమా లేకపోతే సామాన్యుడు కొనలేడు, బిల్డర్ అమ్మలేడు. ఏ స్థలానికి బీమా ఇవ్వవచ్చో చెప్పే ఎఫ్‌హెచ్‌ఏ మాన్యువల్ పొరుగున వేరే జాతివాళ్లు ఉండటాన్ని విలువ తగ్గించే అంశంగా లెక్కగట్టింది. సహజమైన అడ్డు గానీ కట్టిన అడ్డు గానీ ఉంటే ఆ ‘ప్రమాదం’ తగ్గుతుందనీ రాసింది. ఇక్కడ 1920ల నుంచే నల్లజాతి కుటుంబాలు స్థలాలు కొనుక్కుని ఉంటున్నాయి. పక్కనే తెల్లవాళ్ల కోసం ఇళ్లు వేయబోయిన బిల్డర్‌కు అదే అడ్డంకి అయింది. గోడ కట్టాక బీమా వచ్చింది.

అపోహ: మనుషుల రాకపోకలు ఆపడానికే కట్టారు.

వాస్తవం: ఆరడుగుల గోడ ఎవరినీ ఆపలేదు, పిల్లలు దాని మీదెక్కి నడిచేవారు. అప్పు ఫైలులో ఒక గీత కావాలి, ఆ గీతను కాంక్రీటుతో గీశారు. గోడ చూసి దానిలోని క్రూరత్వాన్ని అంచనా వేసేవాళ్లు ఈ సంగతి మరవకూడదు: నష్టం ఎత్తులో లేదు, అప్పు దొరకని తరాల్లో ఉంది.

అపోహ: ఎర్రరంగు మ్యాపే గోడకు కారణం.

వాస్తవం: ఏ వాడలో ఇంటి అప్పు ఎంత ‘ప్రమాదమో’ ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో చూపే మ్యాపులు (ఎరుపంటే అన్నిటికన్నా ప్రమాదం) గీయించింది మరో ఫెడరల్ సంస్థ, ఇంటి యజమానుల అప్పుల కార్పొరేషన్ హెచ్‌ఓఎల్‌సీ. అది కొత్త అప్పులివ్వడం 1936లోనే ఆపేసింది. ఈ గోడ విషయంలో తీర్పు చెప్పింది ఎఫ్‌హెచ్‌ఏ నియమాలు. రెండింటి వెనకా ఉన్న దృష్టి ఒకటే గానీ, రెండింటినీ ఒకటిగా కలిపి రాయడం తప్పు.

అపోహ: దీని పేరు ‘డెట్రాయిట్ బెర్లిన్ గోడ’.

వాస్తవం: అది తర్వాత తగిలించిన పోలిక. బెర్లిన్ గోడ లేచింది 1961లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. వీధి పేరున ‘బర్‌వుడ్ గోడ’, రోడ్డు పేరున ‘ఎయిట్ మైల్ గోడ’ అంటారు. యూదులు ప్రార్థించే జెరూసలేం గోడను తలపిస్తూ ‘వెయిలింగ్ వాల్’ (విలాపాల గోడ) అన్నవాళ్లూ ఉన్నారు. రాసేటప్పుడు ‘బర్‌వుడ్ గోడ’ అంటే మేలు, మొదట చెప్పిన అపోహకు తావుండదు.

అపోహ: గోడంతా బొమ్మలే.

వాస్తవం: 2006లో స్థానికులు, వాలంటీర్లు కలిసి బొమ్మలు వేసింది ఆల్ఫాన్సో వెల్స్ ఆటస్థలం వైపున్న భాగం మీదే. మిగతాది ఇళ్ల వెనక ఉత్త కాంక్రీటు. ఇవాళ రెండు పక్కలా ఎక్కువగా నల్లజాతివాళ్లే ఉంటున్నారు. డెట్రాయిట్ శివార్లైన ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో ఉండే తెలుగువాళ్లు చూడాలనుకుంటే ఆ ఆటస్థలానికే వెళ్లండి. బొమ్మలు లేని భాగం ఫోటోల కోసం ఎవరి పెరట్లోకీ వెళ్లొద్దు. అవి జనం కాపురముంటున్న ఇళ్లు.