చార్జిషీటు లేని ముద్దాయి

2024 నవంబరులో నెట్‌ఫ్లిక్స్ మూడు భాగాల సిరీస్ విడుదల చేశాక జాన్‌బెనే రామ్సే హత్య కేసు మళ్లీ అందరి నోళ్లలో నానింది. 1996 క్రిస్మస్ మర్నాడు, అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ పట్టణంలో, ఆరేళ్ల పాప శవం సొంత ఇంటి బేస్‌మెంట్‌లోనే దొరికింది. డబ్బు డిమాండ్ చేస్తూ రాసిన చీటీ, తల్లిదండ్రుల మీద అనుమానాలు చాలామందికి తెలిసిన సంగతులే. వాటిని అలా ఉంచి, ఈ గొడవకు అసలు మలుపు అని నేను అనుకునే 2016 సెప్టెంబరుకు వెళ్దాం.

ఆ నెల 18, 19 తేదీల్లో సీబీఎస్ చానల్ ఈ కేసు మీద రెండు భాగాల కార్యక్రమం ప్రసారం చేసింది. మాజీ ఎఫ్‌బీఐ అధికారి, ఫోరెన్సిక్ డాక్టర్లు, ఒక మాజీ పోలీసు టేబుల్ చుట్టూ కూర్చుని కేసును మొదటి నుంచీ తవ్వారు. ఒక సీన్‌లో పదేళ్ల కుర్రాడి చేతికి టార్చిలైటు ఇచ్చారు. ఎదురుగా పుర్రె నమూనా, దానికి పంది చర్మం తొడిగి, పైన విగ్గు పెట్టారు. కుర్రాడు కొట్టాడు, పుర్రె పగిలింది. అంత వయసు పిల్లాడి దెబ్బకు పుర్రె పగులుతుందని చూపించడానికే ఆ ప్రయోగం. చివరికి వాళ్ల వేలు పాప అన్నవైపు తిరిగింది. హత్య జరిగిన నాటికి అతనికి తొమ్మిదేళ్లు. అతని పేరు ఇక్కడ కూడా రాయాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

పోలీసులు ఏనాడూ అతని మీద కేసు పెట్టలేదు. 2008లో అప్పటి జిల్లా అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) మేరీ లేసీ, డీఎన్‌ఏ ఫలితాల ఆధారంగా, ఆ కుటుంబానికి ఈ హత్యతో సంబంధం లేదని లేఖ ఇచ్చి క్షమాపణ కూడా చెప్పారు. ఆ లేఖకు కట్టుబడాల్సిన పని లేదని తర్వాత వచ్చిన అటార్నీ అన్నారు, అది కూడా నిజమే. అయితే అసలు చిక్కు వేరే ఉంది. కొలరాడో చట్టం ప్రకారం పదేళ్లలోపు పిల్లల మీద నేరం మోపడానికి వీల్లేదు. అంటే అతను ముద్దాయిగా ఏ కోర్టులోనూ నిలబడడు, కాబట్టి నిర్దోషి అన్న తీర్పు కూడా అతనికి ఎప్పటికీ రాదు. ముద్దాయికైనా క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటుంది, అప్పీలు ఉంటుంది. ఇతనికి అవి కూడా లేవు.

దీన్నెందుకు మలుపు అంటున్నానో అర్థం కావాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి. 1996లోనే అట్లాంటా ఒలింపిక్స్ బాంబు కేసులో రిచర్డ్ జ్యుయెల్ అనే సెక్యూరిటీ గార్డును మీడియా మూడు నెలలు వేటాడింది. బాంబు ఉన్న బ్యాగును గుర్తించి జనాన్ని దూరం పంపింది ఆయనే. పరువు పోయిందన్న ఆయన ఫిర్యాదు మీద ఎన్‌బీసీ, సీఎన్‌ఎన్ చానళ్లు సెటిల్మెంట్ చేసుకున్నాయి. అట్లాంటా పత్రిక మాత్రం పోరాడి, జ్యుయెల్ చనిపోయిన నాలుగేళ్లకు, 2011లో గెలిచింది. ఎఫ్‌బీఐ ఆయన్ని అనుమానించిన మాట ఆ రోజుకు నిజమే కదా అన్నది కోర్టు. మనసుకు రుచించకపోయినా అందులో ఒక లెక్క ఉంది. అనుమానం పోలీసులది, పత్రిక దాన్ని మోసింది. 2016లో ఆ లెక్క తలకిందులైంది. పోలీసులు వేలు చూపని చోట టీవీయే దర్యాప్తు అధికారి అయింది, అనుమానాన్ని తానే తయారుచేసింది.

2016 డిసెంబరులో పాప అన్న సీబీఎస్ మీద 75 కోట్ల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. జ్యుయెల్ తరఫున పోరాడిన లిన్ వుడ్డే ఇతనికీ లాయరు. సీబీఎస్ వాదన: అవి నిపుణుల అభిప్రాయాలు, ఇలా జరిగి ఉండొచ్చన్న పలు ఊహల్లో ఒకటి, ఏది నమ్మాలో ప్రేక్షకుల ఇష్టమని ముందే చెప్పాం, అభిప్రాయానికి రాజ్యాంగ రక్షణ ఉంది. కానీ ‘నా అభిప్రాయం’ అని ముందు తగిలించినంత మాత్రాన అబద్ధపు ఆరోపణకు రక్షణ రాదని అమెరికా సుప్రీంకోర్టు 1990లోనే మిల్కోవిచ్ కేసులో చెప్పింది. నాలుగు గంటలు ఒకే మనిషి వైపు నడిపించి చివర్లో ‘మీ ఇష్టం’ అంటే దాన్ని అభిప్రాయమని నేను ఒప్పుకోలేను.

2018 జనవరిలో ఆ దావా వేసిన మిషిగన్ రాష్ట్ర కోర్టు జడ్జి డేవిడ్ గ్రోనర్ దావా కొట్టేయడానికి నిరాకరించారు. విచారణ జరిగి ఉంటే ఇలాంటి కార్యక్రమాలకు ఒక హద్దు తేలేది. 2019 జనవరిలో రెండు పక్షాలూ రాజీపడ్డాయి. షరతులు బయటికి రాలేదు. ఒక మనిషి తన బతుకు తాను బతకడానికి రాజీపడితే తప్పుపట్టే హక్కు మనకు లేదు. కాకపోతే, ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

బ్రిటన్‌లో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అభియోగం మోపేదాకా దర్యాప్తులో ఉన్న వ్యక్తికి సాధారణంగా గోప్యత హక్కు ఉంటుందని తేల్చింది. అమెరికాలో అలాంటి తీర్పు లేదు. ఇలాంటి కేసు మళ్లీ వస్తే లాయర్ల చేతిలో ఉండేది గ్రోనర్ ఉత్తర్వు. అది కింది కోర్టుది, వేరే జడ్జీలు దాన్ని పాటించాల్సిన పని లేదు.