వేసవి గాలివాన ఏ ఊళ్లో పడుతుందో ముందు రోజే ఎందుకు చెప్పలేకపోతున్నారు

ఏప్రిల్ సగం దాటిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట. వాన అన్నారు, చుక్క పడలేదు అని ఒకరు. మాకేమీ చెప్పలేదు, గాలివాన వచ్చి అరటి తోటంతా పడగొట్టేసింది అని ఇంకొకరు. చీపురుపల్లిలో రోడ్ల మీద నీళ్లు పారిన సాయంత్రం గరివిడిలో దుమ్ము కూడా అణగదు, ఆ రెండు ఊళ్ల మధ్య దూరం చూస్తే బండి మీద పావుగంట. కోపం మాత్రం ఇద్దరికీ వాతావరణ శాఖ మీదే. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ అది చేరాల్సిన చోటికి చేరడం లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు ఈ వానతో ఎవరికి ఏం పోతుందో చూద్దాం. సరిగ్గా ఈ రోజుల్లోనే రబీ మొక్కజొన్న గింజ ఆరబెట్టే పని నడుస్తుంటుంది. రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల వైపు వెళ్తే రోడ్డు పక్కన బారులు తీరి పచ్చగా కనిపించేది అదే, కళ్లం లేనివాళ్లకు తారు రోడ్డే కళ్లం. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడిపిక్కలు ఏరే కాలం. బొబ్బిలి వైపు మామిడి. మధ్యాహ్నం మూడింటికి గాలి ఒక్కసారిగా తిరిగి చల్లగా తగిలిందంటే ఇంటిల్లిపాదీ రోడ్డు మీదికి పరిగెడతారు. ఒకరు చెక్క పలకతో గింజను మధ్యకు లాగుతుంటే ఒకరు చీపురుతో అంచులు ఊడుస్తారు, పిల్లలు బరకం మూలలు పట్టుకుంటారు, పెద్దవాళ్లు దాని మీద పెట్టడానికి రాళ్లు వెతుకుతుంటారు. రెండు మూడు ఎకరాల గింజ కుప్ప చేసి కప్పాలంటే ఎంత గబగబా చేసినా గంట, గంటన్నర పడుతుంది. ఆ గంట ముందు తెలిస్తే గింజ దక్కినట్టే. తెలియకపోతే తడిసిన గింజ రంగు మారి బూజు పడుతుంది, వ్యాపారి ఆ వంకతో రేటు కోస్తాడు. ఈ గంట లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన దేశంలో వాతావరణ శాఖ పుట్టింది ఈ వాన కోసం కాదు. 1864 అక్టోబర్‌లో కలకత్తాను, మరుసటి నెల మచిలీపట్నాన్ని తుఫాన్లు ముంచేశాయి, ఒక్క మచిలీపట్నం వైపే 30 వేల మంది దాకా చనిపోయారని లెక్క. 1866లో ఒడిశాలోనూ, అప్పట్లో శ్రీకాకుళం కూడా కలిసి ఉన్న గంజాం జిల్లాలోనూ ఘోరమైన కరువు. ఇలాంటి దెబ్బలు తిన్నాక 1875లో భారత వాతావరణ శాఖను పెట్టారు, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధిపతి. అప్పటి ప్రభుత్వానికి ముఖ్యంగా కావలసింది ఓడలకు తుఫాను హెచ్చరిక, కరువు రాకుండా నైరుతి రుతుపవనాల అంచనా. కళింగపట్నం, భీమునిపట్నం ఆ రోజుల్లో ఓడలు ఆగే రేవులు, కాబట్టి మన తీరం వాళ్ల దృష్టిలో ఉండేది, కానీ వాళ్ల చూపంతా సముద్రం వైపే. వేసవి మధ్యాహ్నం కొండల మీద లేచి సాయంత్రానికి కరిగిపోయే మబ్బు ఎవరి పనీ కాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ శాఖ పుట్టక ముందే, 1840ల మొదట్లో, విశాఖ డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించారు. నక్షత్రాలు చూడటంతో పాటు వాతావరణం కొలతలు కూడా అక్కడ రాసిపెట్టేవారు. ఇది ఉత్తరాంధ్ర పిల్లలకు బళ్లో చెప్పాల్సిన సంగతి.

పల్లెల్లో మాత్రం లెక్క కార్తెల మీదే నడిచింది, ఇప్పటికీ కొంత నడుస్తోంది. "భరణి కురిస్తే ధరణి పండును" అన్నప్పుడు ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో వాన పడితే దుక్కులకు అదను దొరుకుతుందన్న అనుభవం అందులో ఉంది. ఉగాది రోజు పంచాంగంలో ఈ ఏడు వర్షం సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని పాళ్లు, భూమి మీద ఇన్ని పాళ్లు అని వింటాం. ఏ ఊరికి ఏ గంటకు అన్న ప్రశ్న ఆ లెక్కల్లో లేదు, ఆ అవసరం కూడా అప్పుడు ఈ రూపంలో లేదు.

ఉరుముల మబ్బు లోపల ఏం జరుగుతుందో మనిషికి సరిగా తెలిసి 80 ఏళ్లు కూడా కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో విమానాలను నేరుగా ఉరుముల మబ్బుల్లోకి పంపి కొలతలు తీశారు. బయర్స్, బ్రేహమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, ఈ మబ్బు చిన్న చిన్న భాగాలుగా ఉంటుంది, ఒక్కో భాగం కొన్ని కిలోమీటర్ల వెడల్పు, పుట్టి పెరిగి కురిసి చచ్చిపోవడానికి దానికి అరగంట నుంచి గంట చాలు. కురిసేటప్పుడు దాని కింద నుంచి చల్లగాలి నేల మీద నలుదిక్కులా తోసుకొస్తుంది, గింజ ఎత్తమని మనల్ని తరిమే గాలి అదే. ఆ గాలి ముందున్న వేడి గాలిని ఎత్తి పక్కన ఇంకో మబ్బును పుట్టిస్తుంది. అంటే నాలుగింటికి మీ ఊరి మీద కురిసే మబ్బు, మూడింటికి ఆకాశంలో అసలు లేకపోవచ్చు. లేనిదాన్ని ముందు రోజు ఉపగ్రహ ఫొటోలో ఎక్కడ చూపిస్తారు?

మన దగ్గర దీనికి తోడు భూమి అమరిక ఒకటి ఉంది. తూర్పున సముద్రం, పడమర, ఉత్తరాల్లో తూర్పు కనుమలు, మధ్యలో మన మైదానం సన్నటి పట్టీ. మందస వెనక మహేంద్రగిరి 1,500 మీటర్ల ఎత్తు ఉంటుంది, అక్కడి నుంచి సముద్రం ఎంత దగ్గరో ఆ కొండెక్కినవాళ్లకు తెలుసు. వేసవిలో కింద సముద్రం మీది నుంచి తేమ గాలి వస్తుంది, పైన ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపు నుంచి వేడి పొడి గాలి. ఆ పొడి గాలి ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూతలా కూర్చుని కింది తేమను పైకి పోనివ్వదు. రోజంతా ఉక్కపోసి, ఒళ్లంతా తడిసిపోయి, చివరికి వాన లేకుండానే చీకటి పడే రోజులు ఇవే. ఎండకు నేల ఇంకో డిగ్రీ వేడెక్కినా, కొండవాలు గాలిని పైకి తోసినా, సముద్రం గాలి లోపలికి వచ్చి వేడి గాలిని ఢీకొన్నా ఎక్కడో ఒకచోట ఆ అడ్డు తొలగిపోతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి తమిళనాడు దాకా ద్రోణి అని వార్తల్లో చెప్పేది ఈ రెండు గాలులు కలిసే చోటు గురించే. ద్రోణి ఉందని ముందు రోజు చెప్పగలరు. వాన పాలకొండ కొండల దగ్గర మొదలవుతుందా, సాలూరు ఘాట్ మీదా, లేక అక్కడే ఆగిపోతుందా అన్నది ఆ మధ్యాహ్నమే తేలుతుంది. గాలి పొరల తేమ, వేడి తెలుసుకోవడానికి విశాఖలో బెలూన్ ఎగరేస్తారు, అది తెల్లవారి ఐదున్నరకు, మళ్లీ సాయంత్రం ఐదున్నరకు. మన మబ్బు లేచేది ఆ రెండింటి మధ్యలో.

కంప్యూటర్లు వచ్చాక ఇదంతా తేలికైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజంగా చాలా మారింది. 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం పెట్టి, మరుసటి ఏడు క్రే సూపర్ కంప్యూటర్ తెచ్చారు. ఆ రోజుల్లో లెక్కకు దేశాన్ని దాదాపు 150 కిలోమీటర్ల గళ్లుగా కోసేవారు, అంటే మన జిల్లాలన్నీ కలిపి ఒకటి రెండు గళ్లు. 2018కి గడి 12 కిలోమీటర్లకు తగ్గింది, 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్లు. ఇది పెద్ద మెట్టే. అయినా మబ్బు భాగమే కొన్ని కిలోమీటర్లు ఉన్నప్పుడు, దాన్ని సరిగా పట్టాలంటే దాని మీద చాలా గళ్లు పడాలి. ఫోన్‌లో మీ ఊరి పేరు కింద నాలుగు గంటలకు మబ్బూ మెరుపూ బొమ్మ కనిపించేది కూడా ఇలాంటి గళ్ల లెక్క నుంచే, ఊరి పేరు రాసినంత మాత్రాన అది మీ ఊరిని విడిగా చూసినట్టు కాదు.

గళ్లు ఎంత చిన్నవి చేసినా తీరని చిక్కు ఇంకోటి ఉందని అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1969లోనే లెక్కగట్టి చెప్పాడు. తొలి కొలతలో ఉండే చిన్న తేడా చిన్న మబ్బుల విషయంలో చాలా వేగంగా పెరిగిపోతుంది. తుఫానంతటి పెద్దవాటిని కొన్ని రోజుల ముందు చెప్పవచ్చు, ఉరుముల మబ్బు స్థాయిలో మాత్రం నమ్మదగిన గడువు గంట అటూ ఇటూ. తిత్లీ తుఫానును చెప్పగలిగినవాళ్లు ఈ వాన ఎందుకు చెప్పలేరని మనవాళ్లు అడుగుతారు, సరైన ప్రశ్నే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వందల కిలోమీటర్ల వెడల్పున, రోజుల తరబడి సముద్రం మీద నడిచి వచ్చింది. వేసవి మబ్బుకు ఆ పరిమాణమూ లేదు, ఆ ఆయుష్షూ లేదు.

గంట. రోడ్డు మీద గింజ ఎత్తడానికి పట్టేదీ అంతే. అందుకే ఈ వ్యవహారంలో అసలు పని, పుట్టిన మబ్బు ఎక్కడుందో ఎటు కదులుతోందో అప్పటికప్పుడు చూపించే రాడార్‌ది అంటాను. తుఫాన్లను పట్టే రాడార్ దేశంలో మొదట పెట్టింది విశాఖలోనే, 1970లో. 2006లో దాని స్థానంలో డాప్లర్ రాడార్ వచ్చింది, గాలి ఎటు ఎంత వేగంతో కదులుతోందో కూడా అది చూపిస్తుంది. 2014లో హుద్‌హుద్ ఆ రాడార్‌నే దెబ్బతీసింది. ఇంకో పరిమితి భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చేది. రాడార్ ఉన్న విశాఖ కైలాసగిరి నుంచి ఇచ్ఛాపురానికి గీత గీసి చూస్తే 200 కిలోమీటర్లకు పైనే, రాడార్ కిరణం ఎంత కిందికి వంచినా అక్కడికి చేరేసరికి సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. మబ్బు పైభాగం కనిపిస్తుంది, కింద నేల మీద తోసుకొచ్చే గాలి కనిపించదు. గోపాల్‌పూర్ రాడార్ ఆ వైపు కొంత ఆదుకుంటుంది.

ఇప్పుడు బులెటిన్ సంగతి. "ఒకటి రెండు చోట్ల" అని రాస్తే దానికి వాతావరణ శాఖలో కొలత ఉంది: ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల వాన. అంటే నాలుగింట మూడు వంతుల ఊళ్లు పొడిగా ఉన్నా ఆ సూచన సరైనదే. ఈ మాట రైతుకు ఎవరూ విప్పి చెప్పరు, టీవీలోనేమో జిల్లా మొత్తం నారింజ రంగు పూసి ఉరుముల శబ్దం పెడతారు. వారం రోజులు అలా చూసి, వారం రోజులూ ఏమీ పడకపోతే ఎనిమిదో రోజు బరకం ఎవరు తీస్తారు? సూచనలో తప్పు లేకపోయినా నమ్మకం పోయేది ఇలాగే. నా కోపం ఇక్కడ.

పిడుగుల విషయంలో మాత్రం గత పదేళ్లలో మంచి మార్పు వచ్చింది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి, అంత లెక్క కట్టే పరికరాలు ఉండబట్టే ఆ సంఖ్య తెలిసింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు మండలాల పేర్లతో ఫోన్లకు మెసేజ్ పంపుతోంది. పుణెలోని వాతావరణ పరిశోధనా సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగు ప్రమాదం చూపిస్తుంది. గొర్రెలు కాసేవాళ్లకు, పొలంలో ఉన్న ఆడకూలీలకు ఇది ప్రాణం కాపాడే సమాచారం. కానీ ఆ సమయంలో ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంటుంది, లేదా పొలం గట్టున సంచిలో.

అనకాపల్లి పరిశోధనా స్థానం నుంచి మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా కోత ఎప్పుడు పెట్టుకోవాలో, మందు ఎప్పుడు కొట్టాలో నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది, మధ్యాహ్నం గాలివానకు పనికిరాదు. పైగా ఆ సలహాలను జిల్లాకు దగ్గరగా తేవడానికి దేశమంతా పెట్టిన 199 జిల్లా యూనిట్లను 2024లో మూసేశారు. ఈ నిర్ణయం మార్చుకోవాలని గట్టిగా అడగాల్సినవాళ్లం మనమే.

ఖర్చు లేని పని ఒకటి వెంటనే చేయవచ్చు. మూడు గంటల గడువుతో వచ్చే హెచ్చరిక ఇప్పటికే తయారవుతోంది, మండలం దాకా వస్తోంది. ఏప్రిల్ 15 నుంచి రుతుపవనాలు వచ్చేదాకా, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు మధ్య, ప్రతి సచివాలయంలో ఒకరికి ఆ మెసేజ్, రాడార్ బొమ్మ చూసే బాధ్యత అప్పగించాలి. మబ్బు మండలం వైపు కదులుతుంటే పంచాయతీ మైకులో చెప్పాలి, దాటిపోతే దాటిపోయిందని కూడా అదే మైకులో చెప్పాలి. ఈ రెండో మాట చెప్పకపోతే మొదటి దాన్ని మూడోసారి ఎవరూ వినరు.