రంగులరాట్నం మీద లండన్: 1720 పతనంలో నింద ఎవరి మీద పడింది?

ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1721లో చెక్కిన బొమ్మలో లండన్ నడిబొడ్డున ఒక రంగులరాట్నం తిరుగుతుంటుంది. దాని కొసన మేక, ‘ఎవరెక్కుతారు?’ అన్న రాత. ఎక్కినవాళ్లలో మతాచార్యుడున్నాడు, వేశ్య ఉంది, దొర ఉన్నాడు, బూట్లు తుడిచేవాడూ ఉన్నాడు. ఓ పక్క దయ్యం అదృష్టదేవత ఒంటిని పెద్ద కొడవలితో కోసి ముక్కలు జనంలోకి విసురుతోంది. ‘నిజాయితీ’ని చక్రానికి కట్టి విరగ్గొడుతున్నది ‘స్వార్థం’. ‘వ్యాపారం’ ఒక మూల దిక్కులేకుండా పడి ఉంది. 1666 అగ్నిప్రమాదానికి గుర్తుగా లండన్‌లో కట్టిన స్తంభాన్ని కూడా హోగార్త్ మార్చేశాడు. ఈ బొమ్మలో అది 1720లో సౌత్ సీ అనే కంపెనీ వాటాల ధర కూలి జరిగిన వినాశనానికి గుర్తు.

అప్పటికి హోగార్త్‌కు పాతికేళ్లు కూడా లేవు. అప్పులు తీర్చలేక తండ్రి ఫ్లీట్ జైలు పాలైన ఇంట్లో పెరిగినవాడు. ఆ బొమ్మలో కనిపించే కసికి ఆ చిన్నతనమూ ఒక కారణమని నేను నమ్ముతాను.

సౌత్ సీ కంపెనీ 1711లో పుట్టింది. 1713లో కుదిరిన ఒప్పందంతో స్పానిష్ అమెరికాకు ఏటా 4,800 మంది ఆఫ్రికన్ బానిసలను చేరవేసే హక్కు దానికి దక్కింది. 1720లో సుమారు 3 కోట్ల 10 లక్షల పౌన్ల ప్రభుత్వ రుణాన్ని తన వాటాలుగా మార్చుకుంటానని ముందుకొచ్చింది. వాటా ధర ఎంత పెరిగితే కంపెనీకి అంత లాభం. అందుకే వాయిదాల మీద వాటాలు అమ్మింది. ఆ వాటాలనే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చింది, ఆ డబ్బు మళ్లీ వాటాల కొనుగోలుకే వచ్చింది. జనవరిలో 128 పౌన్ల దగ్గరున్న ధర వేసవిలో 1,000 దాకా ఎగబాకి, సెప్టెంబరు చివరికి 200 దిగువకు కూలింది.

అదే ఏడు పారిస్‌లో జాన్ లా నడిపిన ఇలాంటి వాటాల పథకం కూడా కూలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో చెక్కుడు బొమ్మలు కుప్పలుగా వచ్చి, ఒక పెద్ద సంపుటంగా కూడాయి. డచ్చివాళ్లు ఈ వాటాల బేరానికి ‘గాలి వ్యాపారం’ అని పేరు పెట్టారు. చిత్రకారుడు బెర్నార్ పికార్ బొమ్మలో అదృష్టదేవత రథాన్ని కంపెనీలే లాగుతుంటాయి, జనం దాని వెంట ఎగబడుతుంటారు. వాళ్లు చేరేది ఆస్పత్రికి, పిచ్చాసుపత్రికి, బీదల ఆశ్రమానికి. లండన్‌లో పేకముక్కల మీద కూడా ఒక్కో ముక్కకు ఒక్కో బోగస్ కంపెనీని ఎక్కించి, నాలుగు లైన్ల పద్యంతో అమ్మారు.

ఈ బొమ్మల్లో చాలావాటికి దోషి జనం ఆశే. నాకు అక్కడే అభ్యంతరం. వాయిదాలు కట్టి మునిగినవాడినీ, ఆ వాయిదాల పథకం వేసినవాడినీ ఒకే రాట్నం ఎక్కిస్తే అసలు లెక్క తేలదు. బానిసలుగా అమ్ముడుపోయిన మనుషులకైతే హోగార్త్ బొమ్మలో చోటే లేదు.

ఆ లెక్కలు తెలిసిన మనిషి కంపెనీ క్యాషియర్ రాబర్ట్ నైట్. మంత్రులకు పైసా కట్టించుకోకుండా వాటాలు రాసిచ్చి, ధర పెరిగాక తేడా సొమ్ము అందించిన వివరాలు అతని దగ్గరున్నాయి. 1721 జనవరిలో పార్లమెంటు విచారణ మధ్యలోనే అతను సముద్రం దాటేశాడు. ఇప్పటి బెల్జియం ప్రాంతంలోని బ్రబాంట్‌లో పట్టుబడ్డా, అతన్ని ఇంగ్లండ్‌కు అప్పగించలేదు. దీని మీద వచ్చిన ‘బ్రబాంట్ తెర’ అనే బొమ్మ మాత్రం జనాన్ని వదిలి నేరుగా పైవాళ్ల మీదికే వెళ్లింది. అందులో రాజు ప్రియురాలు కెండాల్ డచెస్ తెర చాటు నుంచి నైట్‌ను సాగనంపుతుంటుంది. పెద్దలను కాపాడిన మంత్రి రాబర్ట్ వాల్‌పోల్‌కు కూడా ‘తెర’ అన్న పేరే స్థిరపడింది.

శిక్షలు ఆ తెరను బట్టే పడ్డాయి. ఆర్థిక మంత్రి ఐలబీని సభ నుంచి వెళ్లగొట్టి లండన్ టవర్ కోటలో ఖైదు చేశారు. ఖజానా అధికారి చార్ల్స్ స్టాన్‌హోప్ 3 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. డైరెక్టర్ల ఆస్తులు జప్తు చేశారు. వాళ్లలో చరిత్రకారుడు గిబ్బన్ తాతకు 1,06,000 పౌన్లలో 10,000 మిగిల్చారు. వాల్‌పోల్ ప్రధానమంత్రిగా రెండు దశాబ్దాలు దేశాన్ని ఏలాడు. 1742లో ఆయన గద్దె దిగాడు. నైట్‌కు క్షమాభిక్ష దొరికింది కూడా ఆ ఏడే.